విత్తనం వడ్లు

మా చెల్లెలి పెళ్లి కుదిరినప్పుడు కార్డు నేనే చేస్తానని ఇంట్లో అందరికీ మాటిచ్చాను. అప్పటికి విజయవాడలో డీటీపీ, డిజైనింగ్ పని మొదలుపెట్టి పదకొండేళ్లయింది. మాఘమాసం వచ్చిందంటే రోజుకు పది పన్నెండు పెళ్లికార్డులు నా చేతి మీదుగా వెళ్లేవి. ఊరందరికీ చేసేవాడు సొంత చెల్లెలికి ఇంకెంత బాగా చేస్తాడోనని మావాళ్లంతా ఎదురుచూశారు.

ఓ ఆదివారం పొద్దున్నే కూర్చుని కోరల్‌డ్రా తెరిచాను. ఖాళీ పేజీ కనపడగానే నా చెయ్యి దానంతటదే పాత ఫోల్డర్‌లోకి పోయింది. పైన వినాయకుడు, ఎడంపక్క అరటిచెట్టు, కుడిపక్క సన్నాయి మేళం, చుట్టూ మామిడి పిందెల బోర్డర్. అన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. గంట గడిచాక చూసుకుంటే మళ్లీ అదే వినాయకుడు, అదే బోర్డర్. రంగు మాత్రం మెరూన్ నుంచి ఆకుపచ్చకు మారింది. సాయంత్రం దాకా కుస్తీపట్టి, చివరికి దాన్నే అచ్చుకిచ్చాను.

కార్డులు ఇంటికొచ్చిన రోజు అమ్మ ఒక్కొక్క కార్డుకూ నాలుగు మూలలా పసుపు రాస్తూ, ఒకదాన్ని చేతిలో పట్టుకుని కాసేపు చూసింది. "బాగుంది నాన్నా. పోయిన నెల పక్కింటివాళ్లు ఇచ్చిన కార్డు కూడా అచ్చం ఇలాగే ఉంది కదూ" అంది. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు, ఉన్న మాటే అంది. పక్కింటివాళ్ల కార్డు చేసిందీ నేనే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు పని రాకపోవడమంటూ లేదు. పదకొండేళ్లుగా నేర్చుకున్నదంతా చేతిలోనే ఉంది. కానీ అందులో ప్రతి గీతా ఎవరో ఒకరు అడిగితే గీసింది, ఎవరో ఒకరికి అమ్మింది. నా చెల్లెలికి ఇద్దామని వెతుక్కుంటే నాదంటూ ఒక్క గీత మిగల్లేదు.

బొమ్మలేసి, రాసి, పాడి, ఫొటోలు తీసి, ఎడిటింగ్ చేసి, ఇళ్ల లోపలి అందం తీర్చి బతుకుతున్న వాళ్లందరికోసం ఈ అధ్యాయం. మీ కళ మీకు అన్నం పెడుతుంటే అది అదృష్టమే. ఆ అదృష్టం పదేళ్ల తర్వాత కూడా నిలవాలంటే ఏం చేయాలో ఇక్కడ చెబుతాను.

అటక మీది బస్తా

మా నాన్న రైతు. తెనాలి దగ్గర మాకు కొంచెం మాగాణి ఉండేది. కోతలకు ముందు నాన్న చేలో ఒకసారి నెమ్మదిగా తిరిగి, కంకులు బరువుగా, కలుపు లేకుండా ఉన్న మడి ఒకటి ఎంచుకునేవాడు. ఆ మడి వడ్లు వేరుగా నూర్చి, వేరుగా ఎండబెట్టి, వేపాకు వేసి బస్తాకెత్తేవాడు. అమ్మ ఆ బస్తాకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. ఆ తర్వాత అది అటకెక్కేది. మిగతా ధాన్యంలో తిండికి ఉంచుకున్నది ఉంచుకుని, తక్కినది అమ్మేవాళ్లు.

ఒక ఏడాది తిండిగింజలు ముందే అయిపోయాయి. అమ్మ పక్కింటికెళ్లి రెండు కుంచాలు బదులు తెచ్చింది గానీ, బొట్టు పెట్టిన బస్తా మీద చెయ్యి వెయ్యలేదు. "అవి తింటే ఈ నెల గడుస్తుంది, పై ఏడు గడవదు" అన్నాడు నాన్న.

పెళ్లికార్డు తర్వాత నిద్రపట్టని ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఆ బస్తానే. పండిందంతా నేను ఎప్పటికప్పుడు అమ్ముకుంటూ వచ్చాను. విత్తనం అట్టిపెట్టుకోలేదు. అందుకే పాత పంటనే మళ్లీ మళ్లీ కోస్తున్నాను.

ఎవరూ అడక్కుండా, ఎవరి మెప్పూ ఆశించకుండా, మీకోసం మీరు చేసుకునే కళే మీ విత్తనం వడ్లు. ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఇంతే. మిగతాదంతా ఆ మాటకు వివరణ.

వెదురు పుల్లతో మొదలు

నేను మొదలుపెట్టింది చాలా చిన్న పనితో. పగలంతా తెలుగు అక్షరాలతోనే ఉంటాను. కానీ అవి ఎవరో తయారుచేసిన ఫాంట్లు. కీ నొక్కితే అక్షరం పడుతుంది. తెలుగు అక్షరాన్ని చేత్తో దిద్ది ఎన్నేళ్లయిందో లెక్కేసుకుంటే బడి రోజులు గుర్తొచ్చాయి. దాంతో పెరట్లోంచి వేలెడు మందం వెదురు పుల్ల తెచ్చి, బ్లేడుతో కొన ఏటవాలుగా చెక్కి, మధ్యలో సన్నగా చీలిక పెట్టాను. ఒక సీసా ఇండియన్ ఇంక్ కొన్నాను. పాత న్యూస్‌పేపర్లు ఎలాగూ ఇంట్లో ఉన్నాయి.

మొదటి రాత్రి 'క' ఒక్కటే రాశాను. ముందు సిరా కారి ముద్దయింది. చీలిక వెడల్పయిందని పుల్ల మళ్లీ చెక్కాను. ఇరవయ్యోసారికో ముప్పయ్యోసారికో ఒక సంగతి కంటపడింది. కలం కొనను ఒకే వాలులో పట్టుకుని తలకట్టు పెడితే, కిందికి దిగే చిన్న గీత లావుగా వస్తుంది, అక్కడినుంచి పైకి లేచే గీత సన్నబడుతుంది. నేను చెయ్యి నొక్కిందీ లేదు, తేల్చిందీ లేదు. కొన వాలే ఆ పని చేస్తోంది. పదకొండేళ్లుగా లక్షల తలకట్లు స్క్రీన్ మీద చూశాను. తలకట్టుకు ఒక నడక ఉందని ఆ రాత్రే తెలిసింది.

తాటాకు మీద గంటంతో అడ్డగీతలు గీస్తే ఆకు చిరుగుతుంది కాబట్టి మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని పెద్దలు చెబుతారు. ఆ మాట ఎప్పుడో చదివాను. వెదురు కలంతో 'ళ' చుడుతున్నప్పుడు మాత్రం అది చదివిన సంగతిలా అనిపించలేదు, నా మణికట్టుకే అర్థమైంది. సొంత కళ ఇచ్చే మొదటి ఫలం ఇదే. మనకు బాగా తెలుసనుకున్న వస్తువు మళ్లీ కొత్తగా కనిపిస్తుంది.

ఎనభై రూపాయల ఉద్యోగి

సత్యజిత్ రాయ్ పేరు వినగానే మనకు సినిమా గుర్తొస్తుంది. కానీ సినిమా ఆయన మొదటి జీతం కాదు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల దగ్గర చిత్రకళ నేర్చుకుని, 1943లో కలకత్తాలోని డి.జె. కీమర్ అనే ప్రకటనల కంపెనీలో జూనియర్ విజువలైజర్‌గా చేరారు. నెలకు ఎనభై రూపాయలు. ఇవాళ్టి యాడ్ ఏజెన్సీ కుర్రాళ్లలాగే ఆయన కూడా పగలంతా క్లయింట్ల కోసం లేఅవుట్లు వేశారు. సిగ్నెట్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థకు పుస్తకాల ముఖచిత్రాలు వేశారు. విభూతిభూషణ్ బందోపాధ్యాయ 'పథేర్ పాంచాలీ' నవలను పిల్లల కోసం కుదించి వేసినప్పుడు దానికి బొమ్మలు గీసింది ఆయనే.

ఇదంతా అడిగిన పని. ఎవరూ అడగని పని ఇంకొకటి చేసేవారు. ఫలానా నవలను సినిమాగా తీస్తున్నారని ప్రకటన రాగానే, ఆ నవలకు తనే స్క్రీన్‌ప్లే రాసుకునేవారు. సినిమా విడుదలయ్యాక వెళ్లి చూసి, తను రాసుకున్నదానితో పోల్చుకునేవారు. ఆ కాగితాలను ఏ నిర్మాతా కోరలేదు, ఒక్క రూపాయీ రాలేదు. 1947లో మిత్రులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ మొదలుపెట్టిందీ ఆ ఇష్టంతోనే.

1950లో కంపెనీ పని మీద లండన్ వెళ్లినప్పుడు ఆర్నెల్లలో వందకు దగ్గరగా సినిమాలు చూశారు. 'బైసికిల్ థీవ్స్' ఆయన మీద చెరగని ముద్ర వేసింది. 'పథేర్ పాంచాలీ' షూటింగ్ 1952 అక్టోబర్ 27న మొదలైంది. ఉద్యోగం మానలేదు కాబట్టి సెలవు రోజుల్లోనే షూటింగ్. మొదటిరోజు రెల్లుపూల చేలో కథలోని పిల్లలు అపు, దుర్గల దృశ్యం కొంత తీశారు. తర్వాతి ఆదివారం మిగతాది తీద్దామని వెళ్లేసరికి పశువులు ఆ పూలన్నీ మేసేశాయి. మళ్లీ రెల్లు పూసే కాలం దాకా ఆగి ఆ దృశ్యం పూర్తిచేశారు. డబ్బు అయిపోతే సొంత వస్తువులు అమ్మారు, భార్య నగలు కుదువపెట్టారు. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిస్తే 1955లో సినిమా బయటికొచ్చింది.

ఈ కథలో ఒక సంగతి చూడండి. పిల్లల పుస్తకానికి డబ్బు తీసుకుని గీసిన బొమ్మల్లో చాలా వరకు తర్వాత సినిమాలో షాట్లయ్యాయి. ప్రకటనల కంపెనీలో అక్షరాలతో పట్టిన కుస్తీ, తర్వాత ఆయన సినిమాల టైటిళ్లలో, పోస్టర్లలో, రాయ్ రోమన్, రాయ్ బిజార్ అనే అక్షరాల డిజైన్లలో కనిపించింది. ఉద్యోగం సొంత కళకు పనితనం నేర్పింది, సొంత కళ ఉద్యోగానికి ప్రాణం పోసింది. ఇవి ఒకే చేనులోని రెండు మడులు. ఒక మడికి పెట్టిన నీళ్లు పక్క మడికీ ఊరతాయి.

మన బాపు గారినే తీసుకోండి. నరసాపురంలో పుట్టి, మద్రాసులో లా చదివి, పత్రికలకు కార్టూన్లు వేసి, ప్రకటనల రంగంలో పనిచేసి, 1967లో 'సాక్షి'తో దర్శకుడయ్యారు. సినిమాలు వచ్చాయని కుంచె పక్కన పెట్టలేదు. తీయబోయే షాట్లను ముందే బొమ్మలుగా గీసుకునేవారు. రామాయణాన్ని జీవితమంతా గీస్తూనే ఉన్నారు. ఆయన చేతిరాత ఇవాళ ఫాంటుగా మారి మన శుభలేఖల మీద నడుస్తోంది. చెయ్యి ఆగని మనిషికి రాబడి ఏ దారిన వచ్చినా, దాని ఊట మాత్రం ఒకటే.

ఆర్డర్ పనిలో ఏం తగ్గుతుంది?

హార్వర్డ్‌కు చెందిన తెరీసా అమబిలే సృజనాత్మకత మీద దశాబ్దాలుగా పరిశోధన చేశారు. ఆమె, సహచరులు కలిసి 23 మంది చిత్రకారులు, శిల్పులను ఎంచుకున్నారు. ఒక్కొక్కరి నుంచి ఆర్డర్ మీద చేసినవి పది, తమంతట తాము చేసుకున్నవి పది తీసుకున్నారు. ఏది ఏదో చెప్పకుండా కళా నిపుణులకు చూపించి మార్కులు వేయమన్నారు. పనితనంలో తేడా రాలేదు. కొత్తదనంలో మాత్రం ఆర్డర్ పనులు బాగా వెనకబడ్డాయి. ఆర్డరే అయినా, తనకు ఆసక్తి ఉన్నది చేయడానికి అది వీలు కల్పించిందని కళాకారుడు అనుకున్న చోట కొత్తదనం మళ్లీ పెరిగింది.

ఇది చదివినప్పుడు మా చెల్లెలి కార్డు కళ్లముందు కదిలింది. అందులో పనితనం లోటు లేదు. మార్జిన్లు సరిగ్గా ఉన్నాయి, రంగు శుభ్రంగా పడింది, ఒక్క అచ్చుతప్పు లేదు. పనితనం అలవాటుతో నిలబడుతుంది. కొత్తదనం అలా నిలబడదు. దానికి వేరే మేత కావాలి.

ఆర్డర్ వచ్చిన మరుక్షణం మన బుర్ర క్లయింట్ ముఖం చూడటం మొదలుపెడుతుంది. 'ఇది ఆయనకు నచ్చుతుందా? పోయినసారి లోగో పెద్దది చేయమన్నాడు, ఈసారి ముందే పెద్దది పెడదాం' అనుకుంటాం. ఇది తప్పేమీ కాదు. డబ్బిచ్చేవాడి అవసరం తెలుసుకోవడమే వృత్తి ధర్మం. కానీ ఏళ్ల తరబడి ఆ ఒక్క ప్రశ్నే వేసుకుంటే, 'నాకేం నచ్చుతుంది?' అనే ప్రశ్నకు జవాబు మరిచిపోతాం. అది మరిచిపోయినవాడు క్లయింట్‌కు కూడా కొత్తది ఇవ్వలేడు. క్లయింట్ మన దగ్గరికి వచ్చేది తనకు తట్టనిది మనకు తడుతుందనే కదా.

సిరా అయిపోయిన రాత్రి

వెదురు కలం పట్టి ఏడెనిమిది నెలలైంది. ఒకరాత్రి 'ర' రాస్తుంటే సీసాలో సిరా అడుగంటింది. కొన ఎండిపోతోంది. గీత నిండుగా పడక, మధ్యమధ్యలో కాగితం తెల్లగా పైకి తేలింది. పాడైందనుకున్నాను. అయినా పొడి కలంతోనే మరో పది అక్షరాలు లాగాను. గీత పొరలు పొరలుగా, వెలుతురు కనపడేంత పల్చగా వచ్చింది. ఆ కాగితం మీద తేదీ వేసి పెట్టెలో పడేశాను.

తర్వాత కొన్ని నెలలకు ఆత్రేయపురం వైపు నుంచి ఓ చిన్న వ్యాపారి వచ్చాడు. పూతరేకుల డబ్బాకు డిజైన్ కావాలి. అప్పటికే రెండు చోట్ల చేయించాడట. "అన్నీ స్వీటు డబ్బాల్లాగే ఉన్నాయండీ, పూతరేకుల్లా లేవు" అన్నాడు. పూతరేకు ఎలా తీస్తారో మీకు తెలుసు కదా. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, మంట మీద బోర్లించిన కుండ మీద అలా లాగుతారు. క్షణంలో కాగితంలాంటి పొర లేస్తుంది. అతను చెబుతుంటే నాకు ఆ పొడి 'ర' గుర్తొచ్చింది. అదీ అలా ఒక్కసారి లాగిన పొరే.

పెట్టె వెతికి ఆ కాగితం తీశాను. అదే పద్ధతిలో, సగం ఎండిన కలంతో 'పూతరేకులు' అని రాశాను. నలభైసార్లు రాస్తే ఒకటి కుదిరింది. దాన్ని స్కాన్ చేసి తెల్ల డబ్బా మీద పెట్టాను. ఇంకే బొమ్మా వేయలేదు. అతను డబ్బా చేతిలోకి తీసుకుని అక్షరాల మీద వేలితో రాసి చూశాడు. "ఇదండీ, రేకు" అన్నాడు. ఒక్క కరెక్షన్ చెప్పలేదు.

ఆ రాత్రి కలంలో సిరా నిండుగా ఉండి ఉంటే ఈ డబ్బా లేదు. 'ఇది దేనికి పనికొస్తుంది?' అని ఆ రాత్రే అడిగి ఉన్నా ఈ డబ్బా లేదు. విత్తనం నాటిన రోజునే పంట అడగకూడదు.

ఇంట్లో వచ్చే మార్పు

ఇంతవరకు పని గురించే చెప్పాను. అసలు లాభం ఇంట్లో కనిపిస్తుంది.

అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజా కైమల్ బృందం చేసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. 39 మంది పెద్దవాళ్లకు మట్టి, మార్కర్లు, కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలం తీసి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను కొలిచారు. దాదాపు నాలుగింట మూడు వంతుల మందిలో అది తగ్గింది. కొందరిలో తగ్గలేదు. మనం గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. బొమ్మలేయడం ముందునుంచీ వచ్చినవాళ్లకూ, ఎన్నడూ వేయనివాళ్లకూ ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మేలు చేసేది చేస్తున్న పని, వచ్చిన బొమ్మ ఎలా ఉన్నా సరే.

2014లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీకి చెందిన కెవిన్ ఎష్ల్‌మన్ బృందం ఉద్యోగుల్ని, వైమానిక దళ అధికారుల్ని పరిశీలించింది. ఆఫీసు బయట సృజనాత్మకమైన పని ఏదో ఒకటి చేసుకునేవాళ్లు అలసట నుంచి బాగా తేరుకుంటున్నారనీ, ఉద్యోగంలోనూ మెరుగ్గా ఉన్నారనీ తేలింది.

నా అనుభవమూ ఇదే. ఇదివరకు క్లయింట్ అన్న మాట నాతోపాటు ఇంటికి వచ్చేది. భోజనం దగ్గర కూర్చునేది. పిల్లల మీద విసుగై బయటపడేది. నా విలువ మొత్తం ఆ రోజు ఓకే అయిన ఫైల్ మీద ఆధారపడి ఉండేది. ఇప్పుడు ఫైల్ వెనక్కొస్తే బాధ ఉంటుంది, కానీ నేనే వెనక్కొచ్చినట్టు ఉండదు. ఎవరూ వెనక్కి పంపలేని పని ఒకటి ఇంట్లో నాకోసం ఉంది.

బస్తాకు బొట్టు ఎందుకు?

సొంత కళ బాగా వస్తోందని తెలియగానే మనకు మొదట వచ్చే ఆలోచన దాన్ని అమ్ముదామని. ఫోన్ తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాం. లైకులు వస్తే రేపు అలాంటిదే వేస్తాం. రాకపోతే మానేస్తాం. అంటే మళ్లీ క్లయింట్ వచ్చేశాడు, ఈసారి వేలమంది రూపంలో.

1973లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్ని మూడు గుంపులు చేశారు. బొమ్మ వేస్తే రిబ్బన్ కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని మొదటి గుంపుకు ముందే చెప్పారు. రెండో గుంపుకు ముందు చెప్పకుండా బొమ్మ అయ్యాక ఇచ్చారు. మూడో గుంపుకు అసలేమీ లేదు. కొద్దిరోజుల తర్వాత స్వేచ్ఛగా ఆడుకునే సమయంలో గమనిస్తే, బహుమతి కోసం వేసిన మొదటి గుంపు పిల్లలు మిగతావాళ్లు వేసినదాంట్లో దాదాపు సగం సేపే బొమ్మలేశారు. ఆటగా ఉన్నది కూలిగా మారిపోయింది.

అందుకే అమ్మ ఆ బస్తాకు బొట్టు పెట్టేది. ఇది అమ్మకానికి కాదని ఇంటిల్లిపాదికీ గుర్తుండాలని. మీరూ మీ సొంత కళకు అలాంటి గుర్తు ఒకటి పెట్టుకోండి. కనీసం ఏడాది పాటు దానికి ధర కట్టొద్దు, లైకుల త్రాసులో తూచొద్దు. ఏడాది తర్వాత మీకే అనిపిస్తే పదిమందికీ చూపించండి. రాయ్ సినిమా కూడా చివరికి లోకమంతా చూసింది. ముందు వేరు పట్టనివ్వాలి, అంతే.

ఎలా మొదలుపెట్టాలి?

1. సాధనం మార్చండి. పగలు స్క్రీన్ మీద పనిచేసేవాళ్లు సాయంత్రం చేతికి అంటుకునే వస్తువు పట్టుకోండి. మట్టి, సిరా, రంగు, దారం, ఏదైనా సరే. పగలు సీరియల్ డైలాగులు రాసేవాళ్లు బొమ్మలేయండి. పెళ్లిళ్ల ఫొటోలు తీసేవాళ్లు మనుషులు లేని ఫొటోలు తీయండి, లేదా పాట నేర్చుకోండి. పాత అలవాట్లు కొత్త సాధనం మీద చెల్లవు. అక్కడ మీరు మళ్లీ అఆలు దిద్దే పిల్లలవుతారు. కావలసింది అదే.

2. హద్దు చిన్నది పెట్టుకోండి. 'నవల రాస్తాను', 'ఎగ్జిబిషన్ పెడతాను' అని మొదలుపెడితే వారంలో ఆగిపోతుంది. ఒకే రంగు, ఒకే సైజు కాగితం, ఒకే విషయం తీసుకోండి. నెలంతా మీ వీధిలోని తలుపులే గీయండి. మడి ఎంత చిన్నదైతే గట్టు అంత గట్టిగా ఉంటుంది.

3. సమయం ముందే కొలిచి తీయండి. మిగిలిన టైమ్‌లో చేద్దామనుకుంటే ఎప్పటికీ మిగలదు. నాన్న అమ్మగా మిగిలినవి విత్తనానికి ఉంచలేదు, ముందే తీశాడు. వారంలో రెండు రోజులు, రోజుకు 45 నిమిషాలు చాలు. ఆ సేపు ఫోన్ వేరే గదిలో ఉండాలి.

4. సరంజామా చేతికందేలా ఉంచండి. నాది ఒక పాత స్వీటు డబ్బా. అందులో కలాలు, సిరా, గుడ్డ ముక్క. మూత తీస్తే మొదలుపెట్టొచ్చు. అలిసిపోయిన రోజున 'ఎక్కడున్నాయో వెతకాలి' అనే ఒక్క మాట చాలు, పని ఆగిపోవడానికి.

5. పాడైనవి పారేయొద్దు. ప్రతి కాగితం మీద తేదీ వేయండి. మూడు నెలలకోసారి అన్నీ నేలమీద పరిచి చూడండి. ఏది మళ్లీ మళ్లీ వస్తోంది? ఏ పొరపాటు మీకు నచ్చింది? నా పూతరేకుల డబ్బా పాడైందనుకున్న కాగితంలోంచే వచ్చింది.

6. పనిలోకి బలవంతంగా లాగొద్దు. నిన్న నేర్చుకున్నది ఇవాళ్టి ఆర్డర్లో పెట్టాలని చూడకండి. సరైన పని ఎదురైనప్పుడు అదే పిలవకుండా వస్తుంది.

మీరు అనుకునే మాటలు

"రోజంతా ఇదే పని, ఇంటికొచ్చి కూడా ఇదేనా?" అని నన్ను చాలామంది అడిగారు. వంటవాళ్లను చూడండి. పెళ్లిలో వెయ్యిమందికి వండిన మనిషి ఇంటికొచ్చి పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని తింటే ఆ రుచి వేరు. అలిసిపోయింది చెయ్యి కాదు, ఒకరి ఇష్టానికి తగ్గట్టు నడిచి నడిచి అలిసింది మనసు. దాని అలసట తీరేది సొంత ఇష్టంతోనే.

"ఇంట్లో బాధ్యతలున్నాయి, దీనికి టైమ్ పెడితే స్వార్థం అనిపిస్తుంది" అనేవాళ్లు ముఖ్యంగా ఆడవాళ్లు. ఆఫీసు పని, వంటపని, పిల్లల హోంవర్కు అయ్యాక గంట దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. కాబట్టి ఈ మాట వాళ్లకంటే ముందు ఇంట్లోవాళ్లకు చెబుతున్నాను. వారానికి గంటన్నర ఆవిడకు వదిలిపెట్టండి. ఆ గంటన్నరలో గిన్నెలు మీరు తోమండి. విత్తనం వడ్లు కాపాడేది ఇంటివాళ్లంతా కలిసే.

"నాకంత టాలెంట్ లేదు" అనే మాటకు జవాబు డ్రెక్సెల్ అధ్యయనంలోనే ఉంది. మీ బొమ్మకు ఇక్కడ మార్కులు వేసేవాళ్లెవరూ లేరు.

ఈ వారం చేయాల్సింది

ఒక కాగితం తీసుకుని మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. డబ్బు రాకముందు, అంటే చిన్నప్పుడు, మీరు గంటల తరబడి చేసిన పని ఏది? పోయిన ఏడాదిలో ఎవరూ అడక్కుండా మీరు చేసింది ఏమైనా ఉందా? ఇప్పుడు ఇంట్లో ఉన్న వస్తువులతోనే, పైసా ఖర్చు లేకుండా, ఈ రాత్రి మొదలుపెట్టగలిగింది ఏది?

రెండో ప్రశ్నకు జవాబు ఖాళీగా ఉంటే కంగారుపడకండి. నాదీ పదకొండేళ్లు ఖాళీగానే ఉంది. మూడో ప్రశ్నకు రాసిన జవాబును క్యాలెండర్‌లో ఈ వారంలోనే రెండు రోజుల మీద వేయండి. ఆ రోజుల్లో ఏ పెద్ద ఆర్డర్ వచ్చినా ఆ 45 నిమిషాలు కదపొద్దు.

మా చెల్లెలికి నేను ఇవ్వలేకపోయింది, నాలుగేళ్ల తర్వాత వాళ్ల పాప బారసాలకు ఇచ్చాను. వెదురు కలంతో చేత్తో రాసిన పిలుపు. వినాయకుడు లేడు, బోర్డర్ లేదు, మధ్యలో పాప పేరు ఒక్కటే. అమ్మ ఆ కార్డు దేవుడి పటం పక్కన పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మీ పంట మీరు అమ్ముకోండి, మంచి ధరకే అమ్ముకోండి. కానీ ఈ వారం నుంచి ఒక్క బస్తా ముందుగా పక్కకు తీసి, దానికి బొట్టు పెట్టి, అటకెక్కించండి.